ఎందుకో చెప్పని బొంత

ఆ ఉదయం జసింత ఫోను మోగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. మొదట అన్నయ్య బాలశౌరి. తర్వాత అక్క రెజీనా. అక్క ఏమందో కనుక్కోవడానికి మళ్ళీ అన్నయ్య.

"నువ్వు కుట్టిన బొంత నువ్వే పట్టుకుపో తల్లీ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు బాలశౌరి. "నాకు నిద్రలేక కళ్ళు మండిపోతున్నాయి."

"ఏమైందన్నయ్యా?"

"ఏమైందా? అమ్మకి నేను పుట్టడం ఇష్టం లేదని తెలిసింది. అదీ అయింది."

నలభై అయిదు దాటిన మనిషి, ఊళ్ళో మూడు లారీలు తిప్పుకుంటూ పదిమంది చేత పనిచేయించుకునే మనిషి, చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీలుస్తుంటే జసింతకి జాలి రావాలి. రాలేదు. ఒళ్ళు మండుకొచ్చింది.

బొంత సంగతి చెప్పాలంటే ముందు దారం సంగతి చెప్పాలి. గుంటూరు ఊరి చివర, మిర్చి కోల్డ్ స్టోరేజీలు దాటాక ఒక ప్రైవేటు వస్త్ర పరిశోధన సంస్థ ఉంది. ఎండుమిర్చి ఘాటుకి గేటు దగ్గరే అందరూ తుమ్ముతారు. జసింత పని అక్కడ. మనిషికి భయం వేస్తే పట్టే చెమట వేరు, సంతోషానికి పట్టే చెమట వేరు. ఒంటిమీద బట్ట తడిసినప్పుడు ఆ చెమట జాడ నూలుపోగు లోపలి సన్నటి బోలులో చిక్కుకుంటుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా కాస్త మిగులుతుంది. ఆ జాడని తిని బతికే ఒక బూజుని జసింత ఏళ్ళ తరబడి పెంచి మచ్చిక చేసుకుంది. బూజు పట్టించిన దారంతో పాత గుడ్డని కుట్టి కప్పుకుంటే, ఒంటి వెచ్చదనానికి బూజు మేలుకుని, తిన్నదాన్ని ఆవిరిగా వదులుతుంది, ఆ ఆవిరి తగిలిన మనిషికి అప్పటి అనుభూతే మళ్ళీ కలుగుతుంది.

మొదటిసారి దాన్ని పరీక్షించింది సంస్థ డైరెక్టరు పినాకపాణి. ఆయన చదువుకునే రోజుల్లో పరీక్ష ఫలితాల నాడు వేసుకుని, ఆ తర్వాత పొట్టిదైపోయిందని దాచేసిన చొక్కా ఒకటి తెచ్చాడు. జసింత దాన్ని ఆ దారంతో కుట్టి ఆయన ముంజేతికి చుట్టింది. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి ఆయన పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. బొమ్మలేమీ కనిపించలేదట, మాటలేమీ వినిపించలేదట. ఇరవై ఏళ్ళ కుర్రాడి సంతోషం మాత్రం ఒంట్లోకి వచ్చి కూర్చుందట.

"ఇది జనం ఎగబడి కొనుక్కుంటారు జసింత గారూ!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "చొక్కా ముక్క ఎందుకు, బొంతలు కుడదాం. ఇంటిల్లిపాది జ్ఞాపకాలూ ఒక్క బొంతలో! మొదటిది మీ ఇంట్లోంచే రావాలి."

జసింతకీ ఆ మాట నచ్చింది. అమ్మ లూర్దమ్మకి డెబ్భై నిండబోతున్నాయి. బ్రాడీపేటలో తామిద్దరే ఉండే ఇంట్లో, అమ్మ మంచం కింద ట్రంకు పెట్టె నిండా నూలు చీరలు ఉన్నాయి. రోజూ కట్టి నలిగిన చీరలు పనికిరావు, వాటిలో అన్నీ కలగాపులగమైపోతాయి. ఏ వేడుకకో ఒక్కసారి కట్టి మడతపెట్టినవే స్పష్టంగా పలుకుతాయి.

"పాత చీరలివ్వమ్మా, బొంత కుట్టిస్తాను" అంది జసింత.

"అంతకంటేనా? మందంగా కుట్టించు. సన్నగా ఉంటే నాకు చలాగదు" అంది లూర్దమ్మ.

దారం సంగతి జసింత చెప్పలేదు. పుట్టినరోజు నాడు కప్పుకుని ఆశ్చర్యపోవాలని తన ఆశ.

పుట్టినరోజు వచ్చింది. గుళ్ళో పూజ అయ్యాక పిల్లలు ముగ్గురూ కలిసి అమ్మకి బొంత కప్పారు. ఆ రాత్రి కప్పుకుని పడుకున్న లూర్దమ్మ తెల్లారి లేస్తూనే దాన్ని మడిచి పక్కన పెట్టేసింది.

"ఏందోనే, ఇది కప్పుకుంటే కాసేపు దడ, కాసేపు ఏడుపు, కాసేపు నవ్వు. గుండెకి మంచిది కాదేమో. మీలో ఎవరన్నా తీసుకుపోండి."

అలా ఆ బొంత బాలశౌరి ఇంటికి వెళ్ళింది. దారం మహిమ జసింత అన్నకీ అక్కకీ చెప్పే ఉంది. బాలశౌరి ముచ్చటపడి, తన జ్ఞానస్నానం నాడు అమ్మ కట్టుకున్న గులాబీరంగు చీర ముక్కని వెతికి గుండెల మీదికి లాక్కున్నాడు. తొలి బిడ్డ, మగపిల్లాడు. అమ్మ ఆ రోజు పొంగిపోయి ఉంటుందని అతని నమ్మకం. గుండెల మీద పాము పాకినట్టు చల్లటి భయం పాకింది. దిగ్గున లేచి కూర్చున్నాడు. మళ్ళీ కప్పుకున్నాడు. మళ్ళీ అదే.

"భయమన్నయ్యా అది. అయిష్టం కాదు" అంది జసింత ఫోనులో.

"కన్నబిడ్డని ఎత్తుకుని ఏ తల్లి భయపడుద్దే?"

"ఎందుకు భయపడిందో బొంత చెప్పదు. ఏమనిపించిందో చెప్తుంది, అంతే. నూటొక్కసార్లు చెప్పాను."

"నాకు తెలుసులే ఎందుకో" అని అతను ఫోను పెట్టేశాడు.

బొంత రెజీనా దగ్గరికి మారింది. రెజీనా తన పెళ్ళినాటి చీర ముక్కని వెతుక్కుంది. నీలం మంగళగిరి చీర. ఆ ముక్క కింద ఆమెకి కలిగింది దుఃఖం కాదు, బెంగ కాదు. నెత్తిమీది బరువు దింపుకున్న కూలీకి కలిగేలాంటి హాయి.

"నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకుందన్నమాట" అంది రెజీనా. "అప్పగింతలప్పుడు ఏడ్చిన ఏడుపంతా ఉత్తుత్తిదే. నేనంటే మొదట్నుంచీ అంతేలే."

"అక్కా, ఎందుకో బొంత..."

"చెప్పదు, చెప్పదు! తెలిసిందిలే నీ గొప్ప బొంత. చెప్పకపోతే నాకు బుర్ర లేదా?"

ఇక మూడోది ఆకుపచ్చ చీర. అమ్మ దాన్ని ఎప్పుడు కట్టిందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. దాని కింద పడుకుంటే కాళ్ళు నేలమీద ఆనవు, అంత సంబరం. పెళ్ళిళ్ళలో లేని సంబరం, పిల్లలు పుట్టినప్పుడు లేని సంబరం. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసిన రోజుల్లో ఏదో జరిగి ఉంటుందని బాలశౌరి అనుమానం. "నాన్న ఉండగానా?" అని రెజీనా బుగ్గలు నొక్కుకుంది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ తమ తమ ఏడుపులు కాసేపు పక్కనపెట్టి ఆ ఒక్క విషయంలో ఏకమయ్యారు. జసింతకి గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

ఆమె ఎవరికీ చెప్పని ముక్క ఇంకొకటి ఉంది. తను డాక్టరేటు పట్టా అందుకున్న నాడు అమ్మ కట్టుకున్న చీర. మీగడ రంగు, కాఫీపొడి రంగు అంచు. బొంత ఇవ్వకముందే ల్యాబులో దాని మీద ఆ దారంతో రెండు కుట్లు వేసి, చేయి ఆనించి చూసింది. వచ్చింది విసుగు. కల్తీలేని, చిక్కటి విసుగు. ఫొటోలో అమ్మ నవ్వుతూనే ఉంది. జసింత ఆ ముక్కని బొంతలో ఒక మూలకి తోసి కుట్టేసింది. తను శాస్త్రజ్ఞురాలు, ఇలాంటివి పట్టించుకోకూడదు. పట్టించుకోలేదు కూడా, మాటిమాటికీ గుర్తుకు రావడం తప్ప.

ల్యాబులో పినాకపాణి మాత్రం చిందులు వేస్తున్నాడు. "అంత గట్టిగా తగిలిందా మీవాళ్ళకి! బొంతల ప్రారంభోత్సవంలో ఇద్దర్నీ వేదికెక్కించి మాట్లాడిద్దాం."

"సార్, మా ఇంట్లో మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు."

"చూశారా, ఎంత బలముందో!"

ఆదివారం పూజ అయ్యాక పిల్లలందరూ బ్రాడీపేట ఇంటికొచ్చి భోంచేసి పోవడం అలవాటు. ఆ ఆదివారం ఎవరూ రాలేదు. లూర్దమ్మ వండిన కోడికూర అలాగే ఉంది. సాయంత్రం ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, జసింత మొహంలోకి చూడకుండా అడిగింది.

"శౌరిగాడు గుళ్ళో నన్ను చూసి పక్కకి తిరిగిపోయాడు. రెజీనా ఫోనెత్తదు. నువ్వేమో దొంగపిల్లిలా తిరుగుతున్నావు. ఏం చేశారే?"

జసింత చెప్పేసింది. చెమట, బూజు, దారం, అన్నీ. లూర్దమ్మ వింటున్నంతసేపూ ఈనెలు తీస్తూనే ఉంది. ఆఖర్న చేట పక్కకి నెట్టింది.

"అంటే, నా చీరలు తీసుకుపోయి, నాకు చెప్పకుండా, నా లోపల ఏముందో మీరంతా పొర్లి పొర్లి చూశారా?"

"జ్ఞాపకంగా ఉంటుందని..."

"నేను బతికే ఉన్నాగా! ఇంకా జ్ఞాపకమేంది?" ఆమె గొంతు లేచింది. "ముప్పై ఏళ్ళు ఎక్స్ఛేంజిలో చేశా. లైను కలిపి పక్కకి తప్పుకునేదాన్ని. కలెక్టరు మాట్లాడినా, కొత్త పెళ్ళికూతురు మాట్లాడినా ఒక్క ముక్క వినలా. నా కడుపున పుట్టినవాళ్ళేమో నా ఒంట్లో దూరి వింటారా? అడగొచ్చుగా! ఇక్కడే కూచున్నాగా, రాయిలాగా! వాళ్ళని రమ్మను. బొంత కూడా తెమ్మను."

మర్నాడు వాళ్ళు వచ్చారు. బాలశౌరి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రెజీనా బొంతని చంకలో పెట్టుకుని, పోలీసు స్టేషనుకి సాక్ష్యం పట్టుకొచ్చినట్టు తెచ్చి మంచం మీద పడేసింది.

"ఒరే శౌరీ, ఇట్టారా. ఏ ముక్కరా?" అంది లూర్దమ్మ.

అతను గులాబీరంగు ముక్క చూపించాడు. ఆమె దాని మీద అరచేయి పెట్టి కాసేపు కళ్ళు మూసుకుంది.

"ఆ రోజు నీకు జొరం" అంది. "ముందు రాత్రి నుంచీ ఒళ్ళు పెనంలాగా కాలిపోతా ఉంది. ఫాదర్ గారొచ్చేది నెలకోసారి. చన్నీళ్ళు నెత్తిన పోస్తే నువ్వేమైపోతావోనని నా పైప్రాణాలు పైనే పోయినయ్. ఇంకెందుకు భయపడతార్రా, ఎద్దులా పెరిగావుగాని!"

బాలశౌరి గబుక్కున ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె మోకాలి మీద తల పెట్టాడు.

"నీదేందే?"

రెజీనా మూతి ముడుచుకునే నీలం ముక్క చూపించింది.

"పెళ్ళిపూజలో నీకు కళ్ళు తిరిగినయ్ గుర్తుందా? పొద్దుట్నుంచీ ఏమీ తినలా. అందరి ముందూ పడిపోతావేమోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డా. ఫాదర్ గారు అడగంగానే గట్టిగా 'సమ్మతమే' అన్నావు చూడు, అప్పుడొచ్చింది ఊపిరి."

"నాకు కళ్ళు తిరిగాయా?" అంది రెజీనా. ఒక నిమిషం ఆలోచించింది. "అవునే, తిరిగాయి. పొద్దున కాఫీ కూడా తాగలేదు నేను. గుళ్ళో ఫ్యాను కూడా లేదు."

ఆకుపచ్చ చీర మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి బాలశౌరి నోరు తెరిచాడుగాని, లూర్దమ్మ అతని వంక చూసిన చూపుకి మూసేసుకున్నాడు. నిన్నటి కోడికూర వేడిచేసుకుని అందరూ తిన్నారు. రెజీనా గిన్నెలు కడిగి మరీ వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళాక జసింత బొంత మడతపెడుతూ ఆగింది. ఇందాకట్నుంచీ ఒక సంగతి ఆమెని తొలుస్తోంది.

"అమ్మా, అంత జ్వరంగా ఉంటే ఫాదర్ గారు వచ్చే నెల చేద్దామనే అంటారుగా?"

"ఏమో. అంటారేమో."

"ఏమో ఏంటి? నువ్వు అక్కడే ఉన్నావుగా?"

లూర్దమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "నాకేం గుర్తుందే! ఎప్పటి మాట అది. భయమని మీరన్నారు, చెయ్యి పెడితే నాకూ భయంగానే ఉంది. ఎందుకో నాకు మాత్రం ఏం తెలుసు? మీ నాన్నమ్మ ఏమన్నా అన్నదో, పాలు చాలవనుకున్నానో, గుళ్ళో తేలు కనపడిందో."

"అయితే జ్వరం అబద్ధమా?"

"వాడికి చిన్నప్పుడు జొరాలు చానా వచ్చినయ్లే."

"అక్క కళ్ళు తిరగడం?"

"దానికే గుర్తొచ్చిందిగా."

జసింత బొంతని మంచం మీద విసిరికొట్టింది. ఏళ్ళ తరబడి ఒక్కొక్క చుక్కా కొలిచి, తప్పు రాకుండా, నిజాన్ని నిజంగా పట్టి చూపించే దారాన్ని తయారుచేస్తే, ఈవిడ రెండు నిమిషాల్లో రెండు కథలు అల్లి పడేసింది. అందరూ నమ్మి కడుపునిండా తిని వెళ్ళారు.

"అబద్ధాలెందుకు చెప్పావమ్మా?"

"గుర్తులేదంటే ఊరుకునేవాళ్ళా? ఆ గుర్తులేని చోట్లో వాళ్ళకి తోచిన పాడుమాటంతా నింపుకోలా? దానికంటే నేను నింపడం నయం కదా. నేనే కదా దాని సొంతదారుని."

జసింత బొంత అంచుని వేళ్ళతో పీకుతూ కూర్చుంది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"నా పట్టా రోజు నీకు విసుగొచ్చింది. చాలా."

"ఆ క్రీము రంగు చీరా?" లూర్దమ్మ వెంటనే అంది. "రాదూ మరి! రెజీనా కొనిచ్చిన కొత్త చెప్పులు. రెండు మడమలూ కొరికేసినయ్. పైగా ఆ హాల్లో వైస్ ఛాన్సలరో ఎవరో ఒకటే ఉపన్యాసం. ఎప్పుడైపోద్దిరా దేవుడా అనుకున్నా. నీ పేరు పిలిచినప్పుడు కూడా ఒంటికాలి మీదే లేచి నిలబడ్డా."

జసింత ఆమె కళ్ళలోకి చూసింది. అమ్మ రెప్ప కూడా వేయలేదు. ఇది నిజమో, ఇప్పటికిప్పుడు అల్లిందో కనిపెట్టే దారం ఈ లోకంలో లేదు. తను నమ్మదలుచుకున్నట్టు, అప్పటికే నమ్మేసినట్టు జసింతకి తెలిసిపోయింది. ఆ తెలియడం మీద కూడా ఆమెకి కోపం వచ్చింది.

"మరి ఆకుపచ్చది? అది కూడా గుర్తులేదంటావా?"

"అది బాగా గుర్తుంది" అంది లూర్దమ్మ. లేచి, కళ్ళజోడు పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ప్రారంభోత్సవం రోజున జసింత పినాకపాణి గదిలోకి ముందే వెళ్ళి చెప్పింది. "సార్, బతికున్నవాళ్ళ బట్టలే కుడదాం. ఆ మనిషి ఒప్పుకుంటేనే, ఆ మనిషి పక్కన ఉంటేనే. పోయినవాళ్ళ బట్టలు తీసుకోవద్దు."

ఆయన ఆమెని పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "పోయినవాళ్ళ కోసమే కదమ్మా జ్ఞాపకాలు! బతికున్నవాళ్ళకి బొంతెందుకు, ఫోను చాలు."

"పోయినవాళ్ళని అడగలేం సార్. మా అన్నయ్యకి అమ్మ ఉంది కాబట్టి సరిపోయింది. అమ్మ లేకపోయుంటే వాడు చచ్చేదాకా ఆ భయాన్ని మోసేవాడు, నన్ను కనడం ఇష్టం లేదనుకుంటూ."

"మీరు కుట్టకపోతే ఇంకొకరు కుడతారు" అన్నాడాయన మెత్తగానే. "దారం సంస్థది, మీది కాదు."

అదీ నిజమే. జసింత విసవిసా బయటికి వచ్చేసరికి, హాల్లో మొదటి వరసలో ఒకావిడ గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రేపల్లె నుంచి మొదటి బస్సుకి వచ్చిందట. పేరు నాంచారమ్మ. సంచిలో కొడుకు తరుణ్ చొక్కాలు. పోయినేడు మోటారు సైకిలు ప్రమాదంలో పోయాడు.

జసింత ఆమె పక్కన కూర్చుంది. ఉన్నదున్నట్టు చెప్పింది. "అమ్మా, ఈ బొంత ఏడుపుంటే ఏడుపే ఇస్తుంది. ఎందుకో చెప్పదు. చెప్పడానికి మనిషి లేనప్పుడు దీని జోలికి పోవద్దు. నా మాట విని ఇంటికెళ్ళండి."

నాంచారమ్మకి కోపం వచ్చింది. "మీరు కనిపెట్టిందే కదా ఇది?"

"అవునండీ."

"మరి నన్ను పొమ్మంటారేంది? చెప్పడానికి మనిషి ఉంటే నేను మీదాకా ఎందుకొస్తానమ్మా? వాడికి ఏడుపొచ్చినా నాకది కావాలి. కోపమొచ్చినా కావాలి. ఎందుకో తెలియకపోతే నేను చూసుకుంటా. పాతికేళ్ళు పెంచా, ఆ మాత్రం ఊహించుకోలేనా?"

"తప్పుగా ఊహించుకుంటే?"

"బతికున్నప్పుడు మాత్రం అన్నీ ఒప్పుగా ఊహించానా?"

జసింతకి అమ్మని అడగాలనిపించింది. అమ్మైనా ఏం చెప్తుంది, రెండు కథలు అల్లుతుంది. వేదిక మీద పినాకపాణి మైకు సరిచేసుకుంటున్నాడు. హాలంతా బయటి మిరపకాయ ఘాటుకి దగ్గుతోంది.

జసింత లేచి గుడ్డసంచి అందుకుంది. "రండి. ల్యాబులో కూర్చుందాం. కానీ ఒక షరతు. ఒక్కొక్క చొక్కా సంగతీ మీరు ముందు నాకు చెప్పాలి. ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు వేసుకున్నాడు, ఆ రోజు ఏం జరిగింది. చెప్పడం అయ్యాకే కత్తెర పెడతాను. అప్పటిదాకా దారం ఎక్కించను."

"చానా చొక్కాలున్నయ్."

"ఉండనీయండి."

ఇద్దరూ ల్యాబులో బల్ల దగ్గర కూర్చున్నారు. నాంచారమ్మ పైనున్న గళ్ళ చొక్కా తీసి ఒళ్ళో పరుచుకుంది.

"ఇది వాడికసలు నచ్చదమ్మా. నేనే పోరుపెట్టి తొడిగించా. వాళ్ళ నాన్నది. ఆయన పోయాక కొలతకి కోయించి కుట్టించా. ఇది వేసుకుని వాడు గుమ్మంలోంచి వస్తా ఉంటే అచ్చం ఆయనే వచ్చినట్టుండేది. వాడేమో మెడకాడ బిగుతుగా ఉందనేవాడు. ఒకరోజు ఏం చేశాడనుకున్నావు..."

చెప్తూ చెప్తూ ఆమె వాళ్ళాయన దగ్గరికి వెళ్ళింది, అక్కడ్నుంచి రేపల్లె రైలు స్టేషను దగ్గర వాళ్ళ టీ కొట్టుకి, అక్కడ్నుంచి చొక్కా కుట్టిన దర్జీ కూతురి పెళ్ళికి. జసింత రెండుసార్లు దారి మళ్ళించబోయి ఊరుకుంది.

హాల్లో చప్పట్లు మోగి, ఆగి, చాలాసేపయ్యాక పినాకపాణి తలుపు తోసుకుని వచ్చాడు. వెనక ఇద్దరు విలేకరులు.

"ఎంతవరకు వచ్చింది బొంత?"

"ఇంకా మొదటి చొక్కా దగ్గరే ఉన్నాం సార్."

"పొద్దుట్నుంచీనా!" ఆయన తల పట్టుకున్నాడు.

మధ్యలో అడ్డొచ్చినందుకు నాంచారమ్మ ఆయన వంక చిరాగ్గా చూసింది. "మీరు కాసేపు ఆగండి బాబూ" అని జసింత వైపు తిరిగి, ఎక్కడ ఆపిందో మరిచిపోయి, చొక్కాని మళ్ళీ ఒళ్ళో సరిచేసుకుని, మొదట్నుంచీ ఎత్తుకుంది.